సంఘం మీటింగుల్లో వేసే 8 నిమిషాల వీడియో: ద్రవ జీవామృతం మీద తీయాలి, సలహాలు కావాలి

#1 · చేనుగట్టు

అందరికీ నమస్తే. మా సొసైటీ శ్రీసత్యసాయి జిల్లాలో మహిళా సంఘాలతో కలిసి ప్రకృతి సేద్యం పని చేస్తోంది. ద్రవ జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం పులియబెట్టి పొలానికి వాడే ద్రావణం) తయారీ మీద సొంతంగా ఒక వీడియో తీద్దామనుకుంటున్నాం. సాయంత్రం సంఘం మీటింగుల్లో పికో ప్రొజెక్టర్ (చేతిలో పట్టే చిన్న ప్రొజెక్టర్) మీద వేస్తాం, నిడివి 8 నిమిషాలు. అందులోంచే 2 నిమిషాల ముక్క కత్తిరించి వాట్సాప్‌లో పెట్టాలని, దాతలకూ పంపాలని ఆలోచన.

ఉన్న సరంజామా: రెండు ఆండ్రాయిడ్ ఫోన్లు, ఒక ట్రైపాడ్, 8 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్. మైకు లేదు, కొనాలి. తీయడానికి ఇద్దరు వాలంటీర్లు ఉన్నారు.

పని ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ మైకు కొనాలి? ఎడిటింగ్ దేంట్లో చేయాలి? కాగితాలేమైనా రాయించుకోవాలా? డ్రోన్ షాట్ ఒకటి ఉండాలని కమిటీలో ఒకరు పట్టుబడుతున్నారు, అవసరమా?

#2 · తెరముందు

చేనుగట్టు గారూ, వీడియో వేసే చోటు నుంచి మొదలుపెట్టండి. అక్కడ ఏం కనపడుతుందో, ఏం వినపడుతుందో తేలితే ఎలా తీయాలన్నది చాలావరకు అదే తేలిపోతుంది.

చవక పికో ప్రొజెక్టర్లు ఎక్కువగా 50 నుంచి 100 ల్యూమెన్ల వెలుగే ఇస్తాయి. పెట్టె మీద వేలల్లో అంకె వేసి ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ‘ఆన్సీ ల్యూమెన్లు’ (ప్రమాణం ప్రకారం కొలిచిన వెలుగు) ఎన్నో చూడండి. అంత వెలుగుకి బొమ్మ నాలుగడుగుల వెడల్పు దాటితే ముఖాలు పాలిపోతాయి. బాగా పొద్దుగూకాకే వేయాలి, లేదా కిటికీలకు దుప్పట్లు కట్టిన గది కావాలి. సున్నం కొట్టిన గోడ ఉంటే అదే మంచి తెర. లేకపోతే తెల్ల పంచె ముడతల్లేకుండా నాలుగు మూలలా లాగి కట్టండి, వెనక నల్ల బట్ట వేస్తే వెలుగు అవతలికి పోదు.

ఇదంతా ఎందుకంటే, నీడలో ఉన్న ముఖం, నల్ల డ్రమ్ములో నల్లటి ద్రావణం ఫోన్ తెర మీద బాగానే కనపడతాయి, గోడ మీద మాత్రం ఏమీ కనపడవు. నీలం డ్రమ్ము వాడండి. కలిపే అక్క లేత రంగు చీర కట్టుకుంటే నేల నుంచి, డ్రమ్ము నుంచి మనిషి విడిగా తెలుస్తుంది. కొలతలను తెర మీద అక్షరాల్లో చూపి వదిలేయొద్దు. చదవలేని వాళ్లూ ఉంటారు, వెనక వరసలో చూపు ఆనని వాళ్లూ ఉంటారు. నోటితో చెప్పాలి, వస్తువు చూపాలి. అక్షరాలు తప్పనిసరైతే ఒక్కో వరస తెర ఎత్తులో పన్నెండో వంతు ఉండేలా చూడండి.

ఇంకోటి. మీటింగులో వీడియో మొత్తం ఏకబిగిన నడవకూడదు. రైతులకు వీడియోలతో సాగు నేర్పే డిజిటల్ గ్రీన్ సంస్థ వాళ్ల పద్ధతి చూడండి. అది 2006లో బెంగళూరులో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో ఒక ప్రాజెక్టుగా మొదలైంది. స్థానిక రైతులే తెర మీద ఉంటారు, నిడివి పది నిమిషాల్లోపు. నడిపే మనిషి మధ్యమధ్యలో ఆపి ప్రశ్నలు అడుగుతారు, ఎవరు ఏం అడిగారో, తర్వాత ఎవరు పొలంలో చేశారో పుస్తకంలో రాసుకుంటారు. కర్ణాటకలో 16 గ్రామాల్లో చేసిన తొలి ప్రయోగంలో, మామూలు విస్తరణ పద్ధతితో పోలిస్తే కొన్ని సాగు పద్ధతులను పాటించిన వాళ్లు ఏడు రెట్లు పెరిగారని వాళ్లు ప్రచురించారు. ఆ ఫలితంలో వీడియోకి ఎంత వాటా ఉందో, ఆపి మాట్లాడించిన మనిషికీ అంతే ఉందని నా అభిప్రాయం.

కాబట్టి స్క్రిప్టులోనే మూడు చోట్ల ‘ఆపు’ అని రాసుకోండి. ఆ చోట వస్తువు మీద నాలుగైదు సెకన్లు కదలని షాట్ ఉంచాలి. లేకపోతే నడిపే అక్క బటన్ నొక్కే లోపు తర్వాతి మాట మొదలైపోతుంది.

#3 · నల్లమల_కెమెరా

తెరముందు గారు చెప్పినదానికి కొనసాగింపు, కెమెరా సంగతి.

ఫోన్‌లో 1080పీ పెట్టండి, 4కే వద్దు. మీ లాప్‌టాప్ దాన్ని మోయలేదు, పికో ప్రొజెక్టర్లలో ఎక్కువ వాటి అసలు రిజల్యూషన్ 854×480 మాత్రమే. 1080పీ నిమిషానికి సుమారు 130 ఎంబీ తింటుంది. మూడు గంటల రష్ (ఎడిట్ చేయని ముడి వీడియో) అంటే 23–24 జీబీ. రెండు ఫోన్లలోనూ ముందే చోటు ఖాళీ చేసుకోండి. రెండింట్లో ఒకే ఫ్రేమ్ రేటు (సెకనుకి ఎన్ని బొమ్మలు) పెట్టండి, రెండింట్లోనూ 30 ఉంటే 30, మాన్యువల్ యాప్ దొరికితే 25. గదిలో ఎల్‌ఈడీ బల్బు కింద తీస్తే చారలు పరుగెడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షటర్ 1/50 గానీ 1/100 గానీ పెడితే పోతాయి.

ఎక్స్‌పోజర్, ఫోకస్ లాక్ చేయండి: ముఖం మీద వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో లాక్ అవుతుంది. లాక్ చేయకపోతే తెల్ల బకెట్ ఫ్రేములోకి రాగానే ఫోను మొత్తం బొమ్మని చీకటి చేసేస్తుంది. ఉదయం 7 నుంచి 9:30, సాయంత్రం 4 తర్వాత తీయండి. మధ్యాహ్నం తప్పదంటే వేపచెట్టు కింద, అయితే ఆకుల మధ్య నుంచి పడే ఎండ మచ్చలు ముఖం మీద పడకుండా చూసుకోవాలి. పూర్తి నీడ మేలు.

ఇక షాట్లు. జీవామృతంలో అసలు చిక్కు 48 గంటల పులియబెట్టడం. ఒకే డ్రమ్ముతో తీస్తే మొదటి రోజు, మూడో రోజు చీర మారుతుంది, ఎండ మారుతుంది, మనిషి ఆ రోజు దొరకకపోవచ్చు. షూటింగ్‌కి రెండు రోజుల ముందే ఒక డ్రమ్ము కలిపి పెట్టించండి. దాని పక్కనే కొత్త డ్రమ్ములో కలపడం తీసి, ముగింపు దశను పాత డ్రమ్ములో చూపండి. ఒక్క పూటలో అయిపోతుంది. అయితే ‘ఇది రెండు రోజుల క్రితం కలిపింది’ అని అక్క నోటితోనే చెప్పించాలి. దాచిపెడితే మీటింగులో ఎవరో ఒకరు పట్టుకుంటారు, తర్వాత చెప్పే ఏ మాటా నమ్మరు.

కొలతలు ఒక్కోటి ఒక్కో షాట్: 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల నాటు ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గట్టు మీద రసాయనాలు తగలని చోటి నుంచి గుప్పెడు మట్టి. ఒక ఎకరానికి ఇది. అన్నీ ఒక చాప మీద వరసగా పెట్టి పైనుంచి ఒక షాట్, తర్వాత ఒక్కోదానికి క్లోజప్. పేడను ఏ బకెట్‌తో కొలుస్తారో ఆ బకెట్ పక్కన తక్కెడ పెట్టి ఒక్కసారి తూచి చూపండి. ‘పది కిలోలు’ కన్నా ‘ఈ బకెట్‌తో ఇన్ని’ అన్నదే ఇంటికి వెళ్లాక గుర్తుంటుంది.

ప్రతి పనికీ మూడు షాట్లు తీయండి: మనిషి మొత్తం కనపడేది, నడుము పై నుంచి కనపడేది, చేతులు మాత్రమే కనపడేది. ఒక్కోటి కనీసం 10 సెకన్లు కదలకుండా. చేతుల షాట్ లేకపోతే ఎడిటింగ్‌లో ఎక్కడా కత్తెర పెట్టలేరు.

డ్రోన్ అక్కర్లేదు. డ్రమ్ములో ఏం జరుగుతోందో ఆకాశం నుంచి కనపడదు. పైగా డ్రోన్లు ఎక్కడ ఎగరవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూడాలి, రిజిస్ట్రేషన్ చూడాలి. ఆ డబ్బు మైకు మీద పెట్టండి.

#4 · జొన్నచేను

కెమెరా ఎత్తు గురించి ఒక మాట. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు ఏళ్ల తరబడి తామే కెమెరా పట్టి సినిమాలు తీస్తున్నారు. అదే సొసైటీ మాచునూరులో సంఘం రేడియోని 2008 అక్టోబర్ 15న మొదలుపెట్టింది. పైనుంచి కిందికి చూసే షాట్‌ని ఆ అక్కలు పటేల్ షాట్ అన్నారు. ఎదురెదురుగా, కళ్ల ఎత్తులో తీసేది సంఘం షాట్. కెమెరా ఎక్కడ పెట్టాలో ఇంతకన్నా సూటిగా చెప్పిన పాఠం నేను చూడలేదు.

పని పద్ధతిలో దీనర్థం: అక్క నేల మీద కూర్చుని బెల్లం దంచుతుంటే ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా మడిచి నేలకి దించాలి. తీసే మనిషి కూడా కూర్చోవాలి. నిలబడి ఫోన్ కిందికి వంచి తీసిన వీడియోలో రైతు ఎప్పుడూ సాయం అందుకునే మనిషిలా కనపడుతుంది, నేర్పే మనిషిలా కనపడదు. వస్తువులు చూపేటప్పుడు పైనుంచి తీయడం సరే, మనుషుల్ని మాత్రం అలా తీయొద్దు.

స్క్రిప్టు మీరు ఆఫీసులో రాసి ఆమె చేత చదివించొద్దు. కంఠతా పట్టిన మాట చెవికి వెంటనే తెలిసిపోతుంది. ‘ఈ డ్రమ్ము చూసి పక్కింటామె ఏం అడిగింది, మీరేం చెప్పారు?’ అని అడగండి. ఆమె చెప్పే జవాబే మీ స్క్రిప్టు.

#5 · శబ్దలహరి

బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే రెండో నిమిషంలోనే పక్కవాళ్లతో కబుర్లు మొదలవుతాయి. అందుకని మైకు విషయంలో పీనాసితనం వద్దు, అలాగని ఖరీదైనది కూడా అక్కర్లేదు.

వైరు ఉన్న కాలర్ మైకు చాలు. బోయా బీవై-ఎం1 లాంటివి వెయ్యి రూపాయల అటూ ఇటూ దొరుకుతాయి, 6 మీటర్ల వైరు వస్తుంది. దాని డబ్బీ మీద స్విచ్ ఉంటుంది: ఫోన్‌కి ఒక వైపు, కెమెరాకి ఇంకో వైపు. స్విచ్ తప్పు వైపు ఉంటే శబ్దం రాదు, లేదా గొణుగుతున్నట్టు వస్తుంది. లోపల ఎల్‌ఆర్44 బటన్ సెల్ ఉంటుంది, విడిగా రెండు కొని జేబులో వేసుకోండి.

మైకుని నోటికి జానెడు దూరంలో, పైట మడతల మీద కాకుండా జాకెట్ అంచుకి పెట్టండి. పట్టు, పాలిస్టర్ చీరలు మైకుకి రాసుకుంటే చర్‌చర్ అంటాయి, నూలు చీర నయం. మెళ్లో నల్లపూసలు, తాళి మైకుకి తగలకుండా వైరుని చిన్న ముడి వేసి టేపుతో అంటించండి, లాగినా మైకు కదలదు. గాలి ఉంటే స్పాంజి ఒక్కటే ఆపలేదు, బొచ్చు తొడుగు కావాలి.

తీసే ముందు ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి. లెవెల్ కనపడే యాప్ అయితే మాట గట్టిగా అన్నప్పుడు మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆడాలి. 0కి తగిలితే చిరిగిన శబ్దం, దాన్ని ఎడిటింగ్‌లో బాగుచేయలేరు. హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదటి 20 సెకన్లు తప్పక వినండి. మోటారు, ఫ్యాను, దూరంగా గుడి మైకు మన చెవి వదిలేస్తుంది, రికార్డింగ్ వదలదు. చివర్లో అందరినీ నిమిషం పాటు మాట్లాడొద్దని చెప్పి ఆ చోటి శబ్దం విడిగా రికార్డు చేయండి. రెండు మాటల మధ్య ఖాళీలో అది వేస్తే కత్తెర పడిన చోటు తెలియదు.

మీటింగులో వేసేటప్పుడు కూడా శబ్దమే ముఖ్యం. పికో ప్రొజెక్టర్ స్పీకర్ పాతిక మందికి చాలదు. బయటి స్పీకర్‌ని ఆక్స్ వైరుతో కలపండి. బ్లూటూత్‌తో కలిపితే మాట వెనకబడి పెదవికి అతకదు.

#6 · చేనుగట్టు

చాలా ఉపయోగం, అందరికీ ధన్యవాదాలు. శబ్దలహరి గారూ, మా రెండు ఫోన్లలో ఒకదానికి 3.5 ఎంఎం రంధ్రం లేదు, టైప్-సీ మాత్రమే. కన్వర్టర్ పెడితే పనిచేస్తుందా? ఇంకో ఫోన్‌లో పరీక్షగా మైకు పెట్టి చూస్తే ఫోన్ సొంత మైకు శబ్దమే వచ్చింది.

#7 · శబ్దలహరి

రెండూ తరచూ వచ్చే చిక్కులే. టైప్-సీ కన్వర్టర్లలో రెండు రకాలు: లోపల డాక్ చిప్ (డిజిటల్ సంకేతాన్ని శబ్దంగా మార్చేది) ఉన్నవి, లేనివి. చిప్ లేనిది కొన్ని ఫోన్లలోనే పనిచేస్తుంది. డాక్ ఉన్నదని, మైకు కూడా తీసుకుంటుందని రాసి ఉన్నదే కొనండి. కొన్ని పాట వినిపిస్తాయి కానీ మైకు తీసుకోవు. మైకు పిన్ను మీద నల్ల గీతలు మూడు ఉండాలి, ఫోన్‌కి పనికొచ్చేది ఆ రకమే. రెండు గీతలుంటే అది కెమెరా పిన్ను.

రెండోది: చాలా ఫోన్ల సొంత కెమెరా యాప్ బయటి మైకుని పట్టించుకోదు. ఓపెన్ కెమెరా అనే ఉచిత యాప్ వేయండి. వీడియో సెట్టింగ్స్‌లో ఆడియో సోర్స్ దగ్గర ‘ఎక్స్‌టర్నల్ మైక్’ ఎంచుకోండి. అది కూడా కుదరకపోతే రెండో ఫోన్‌ని రికార్డర్‌గా వాడండి: మైకు దానికి గుచ్చి ఆమె నడుముకి కట్టి, ప్రతి షాట్ మొదట్లో కెమెరా ముందు ఒక్క చప్పట. ఎడిటింగ్‌లో ఆ చప్పట దగ్గర బొమ్మ, శబ్దం కలుపుకోవచ్చు.

#8 · ఎడిట్‌టేబుల్

ఆ కలపడంలో ఒక ఉచ్చు ఉంది. ఫోన్లు చెప్పిన ఫ్రేమ్ రేటు మీద నిలబడవు, వెలుగు తగ్గితే 30 నుంచి 27కీ 24కీ జారతాయి. అలాంటి ఫైల్‌ని టైమ్‌లైన్ మీద వేస్తే మొదట్లో సరిగ్గా అతికిన మాట ఐదో నిమిషానికి తప్పుతుంది. ఎడిటింగ్ మొదలుపెట్టే ముందే అన్ని ఫైళ్లనీ హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేసి ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్’ పెట్టి మార్చుకోండి. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దునకి అయిపోతుంది.

8 జీబీ లాప్‌టాప్ మీద డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు, ఆగి ఆగి ప్రాణం తీస్తుంది. కెడెన్‌లైవ్ గానీ షాట్‌కట్ గానీ ఉచితం, ప్రాక్సీ (ఎడిటింగ్ కోసం వాడే తేలికపాటి నకలు ఫైళ్లు) ఆన్ చేసుకుంటే తేలిగ్గా నడుస్తాయి. వాటిలో తెలుగు వత్తులు కూడా సరిగ్గా కూర్చుంటాయి. ఎవరైనా ప్రీమియర్ వాడితే ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కింద టెక్స్ట్ ఇంజన్‌ని ‘సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్’కి మార్చాలి. లేకపోతే ‘జీవామృతం’లో ఋత్వం ఎగిరిపోయి పక్కన పడుతుంది. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో టైపు చేయించిన మేటర్ తెచ్చి అతికించొద్దు, చెత్త అక్షరాలు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చి తెచ్చుకోండి. తెర మీద రామభద్ర, మండలి, నోటో సాన్స్ తెలుగు బాగుంటాయి, మూడూ ఉచితమే. శీర్షికకి రామభద్ర, సబ్‌టైటిల్‌కి నోటో. సన్నటి ఫాంట్లు పికో మీద విరిగిపోతాయి.

ఎస్‌ఆర్‌టీ (సబ్‌టైటిల్) ఫైల్ రాస్తే సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఉందో లేదో చూడండి. ‘ఆన్సీ’లో సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది. తెలుగు మాటలు పొడుగు, వరసకి ఐదారు మాటలు దాటొద్దు, రెండు వరసలు మించొద్దు.

కామెంటరీ వేగం: నిమిషానికి 90–100 మాటలు. 8 నిమిషాలకి లెక్కగడితే 720–800 వస్తుంది కానీ అంత రాయొద్దు. చేతులు పనిచేస్తున్నప్పుడు మాట ఆగాలి. 500–550 మాటల్లో ముగించండి.

#9 · పాలపిట్ట

దాతలకి పంపే ముక్క గురించి ఎవరూ రాయలేదు. 8 నిమిషాల దాంట్లోంచి కత్తిరిస్తే పనికిరాదేమో. దాతలని కదిలించాలంటే అప్పుల్లో మునిగిన కుటుంబాన్ని చూపి, కాస్త విషాద సంగీతం వేస్తే బాగుంటుందని నా సూచన. ఏదైనా సినిమా పాట ట్యూను కూడా వాడొచ్చు.

#10 · జొన్నచేను

పాలపిట్ట గారూ, విడిగా తీయాలన్నది ఒప్పుకుంటాను. మిగతాది గట్టిగా వద్దంటాను. ఏడుస్తున్న ఇంటిని కెమెరా ముందు కూర్చోబెడితే ఆ వీడియో అదే ఊళ్లో, అదే వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. ఆ ఇంటి ఆడపిల్ల బడికి వెళ్లినప్పుడు అందరూ చూసి ఉంటారు. అప్పు సంగతి చుట్టాలకి తెలుస్తుంది. డబ్బిచ్చినవాళ్లు నెలలో మరిచిపోతారు, ఊరు మరవదు.

దాత అడిగేది మూడే: ఏం పని, ఎవరు చేస్తున్నారు, నా డబ్బు దేనికి పోతుంది. 2 నిమిషాల్లో ఆ మూడింటికీ జవాబు రావాలి. మొదటి 10 సెకన్లలో మట్టిలో చేతులు, ఆమె గొంతు. తర్వాత ఆమె ఏం మార్చుకుంది. చివర ‘ఒక ఊరికి రెండు డ్రమ్ములు, ఒక స్ప్రేయర్, నేర్పే అక్కకి గౌరవ వేతనం’ అని ఖర్చు సూటిగా చెప్పండి. ఈ మాటలు 8 నిమిషాల వీడియోలో ఉండవు కాబట్టి అదే రోజు ఆమెని ఇంకో ఐదు ప్రశ్నలు అడిగి విడిగా రికార్డు చేయండి.

#11 · ఎడిట్‌టేబుల్

సినిమా ట్యూను వాడితే యూట్యూబ్ కంటెంట్ ఐడీ వెంటనే పట్టుకుంటుంది. వీడియో ఆగిపోవచ్చు, లేదా మీ వీడియో మీద వచ్చే ప్రకటనల డబ్బు పాట హక్కుదారుకి పోతుంది. ‘సేవ కోసం వాడాం’ అన్నది కాపీరైట్‌లో మినహాయింపు కాదు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచితమైనవి ఉన్నాయి, కొన్నింటికి పేరు వేయాలి, షరతు చదవండి. అంతకన్నా ఊళ్లో డప్పు కొట్టే కళాకారుల్ని ఒక గంట పిలిచి కూలి ఇచ్చి రికార్డు చేసుకోండి, వాడుకోవచ్చని ఒక కాగితం రాయించుకోండి. జానపద బాణీ అందరిదీ అయినా, ఇంకొకరు పాడి రికార్డు చేసిన పాట వాళ్లదే.

కామెంటరీకి ఏఐ గొంతు వాడదామని ఎవరైనా అంటారేమో, ముందే చెప్తున్నా. అంకెలు, ఊరి పేర్లు, పురుగుల పేర్లు తేడాగా పలుకుతుంది, ఆ యాస ఆ జిల్లాది కాదు. మండల సమాఖ్యలో గొంతు బాగున్న అక్క ఒకరు తప్పకుండా ఉంటారు. మంచం మీద రెండు దుప్పట్లు కప్పి గుడారంలా చేసి లోపల కూర్చోబెట్టి రికార్డు చేస్తే గది మోత రాదు.

ఎగుమతి లెక్కలు: ప్రొజెక్టర్‌కి 720పీ, హెచ్.264 (వీడియోని కుదించే పద్ధతి), 3 ఎంబీపీఎస్ (సెకనుకి 3 మెగాబిట్లు), ఆడియో ఏఏసీ. 8 నిమిషాలకి 180 ఎంబీ వస్తుంది. హెచ్.265 పెడితే పాత ప్రొజెక్టర్లు శబ్దం వినిపించి బొమ్మ చూపవు. వాట్సాప్ ముక్కకి 480పీ, వీడియో 900 కేబీపీఎస్, ఆడియో 64. 2 నిమిషాలకి 15 ఎంబీ లోపే ఉంటుంది, డేటా తక్కువున్న ఫోన్లోనూ దిగుతుంది. నాణ్యత తగ్గకుండా దాతకి పంపాలంటే ‘డాక్యుమెంట్’గా పంపండి, 2 జీబీ దాకా పోతుంది. యూట్యూబ్‌కి 1080పీ, శబ్దం మైనస్ 14 లఫ్స్ (శబ్ద తీవ్రత కొలత) దగ్గర.

#12 · చట్టం_సరళంగా

కాగితాల సంగతి. అనుమతి పత్రం తెలుగులో, ఒక పేజీ మించకుండా ఉండాలి. అందులో వీడియో ఎక్కడెక్కడ వేస్తారో ఒక్కోటీ విడివిడిగా రాసి పక్కన గడి పెట్టండి: సంఘం మీటింగు, వాట్సాప్, యూట్యూబ్, దాతలు. మీటింగులకి సరే అని యూట్యూబ్‌కి వద్దనే హక్కు ఆమెకి ఉంది. వద్దనుకుంటే ఎవరికి ఫోన్ చేయాలో నంబరు ఉండాలి. చదివి వినిపించి, అదంతా కెమెరా ముందు ఆమె మాటల్లో చెప్పించుకుని రికార్డు చేయండి. వేలిముద్ర కన్నా అది గట్టి ఆధారం. తుది ఎడిటింగ్ ముందు ఆమెకి చూపండి. ఆ పూట పని పోతుంది కాబట్టి కూలి ఇవ్వండి, ఇచ్చినట్టు లెక్కలో రాయండి.

డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లకి తల్లిదండ్రుల అనుమతి కావాలి. మీ వీడియోలో పిల్లలు పెద్దగా ఉండరు కానీ, ఇది చదివే మిగతా సంస్థల కోసం చెప్తున్నా: బాలల న్యాయ చట్టం 2015 సెక్షన్ 74 కింద సంరక్షణ గృహాల్లో ఉన్న పిల్లల పేరు, ముఖం, బడి, ఊరు గుర్తుపట్టేలా చూపకూడదు. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల విషయంలో 2017 చట్టం ఉంది, వాళ్ల అంగీకారం లేకుండా ఆ సంగతి బయటపెట్టకూడదు. ముఖం మసక చేసి గొంతు అలాగే వదిలేస్తే ఊళ్లో వాళ్లు గొంతుతోనే గుర్తుపడతారు.

ఇంకోటి, ఫ్రేములో వెనక గోడకి ఆధార్ కాపీ, పట్టాదారు పాసుపుస్తకం, సంఘం అప్పుల పట్టిక లేవని చూసుకోండి. 1080పీలో అంకెలు చక్కగా చదవొచ్చు.

#13 · డల్లాస్_తెలుగు

ఇక్కడ మా తెలుగు సంఘంలో వీడియో వేసి విరాళాలు పోగుచేయగలం. చివర్లో క్యూఆర్ కోడ్ పెడితే నేరుగా పంపించేస్తాం, కుదురుతుందా? ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉంటే ఇక్కడి పిల్లలకి కూడా అర్థమవుతుంది.

#14 · చట్టం_సరళంగా

అన్నా, ఆ క్యూఆర్ దగ్గరే జాగ్రత్త. సొసైటీకి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకపోతే విదేశీ విరాళం ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. ఉంటే అది న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోకే రావాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా, విదేశీ వనరు కిందే లెక్క. మీ సంఘం పేరు మీద పంపినా అంతే. కాబట్టి విదేశాలకి వెళ్లే కాపీలో క్యూఆర్ తీసేసి, సొసైటీ ఈమెయిల్ ఒక్కటి పెట్టించండి.

ఇక్కడి కాపీలో పెట్టే క్యూఆర్ సొసైటీ ఖాతాదే అయి ఉండాలి, కార్యదర్శి సొంత నంబరుది కాదు. స్కాన్ చేయగానే సొసైటీ పేరు రావాలి. ఆ పేరు వీడియోలో అక్షరాల్లో కూడా చూపితే నకిలీ క్యూఆర్ అతికించిన కాపీలు తిరిగినా జనం పోల్చుకుంటారు.

#15 · తెరముందు

వీడియోలో తప్పులు కూడా చూపండని చెప్పడం మరిచాను. సంఘం మీటింగులో ఎక్కువ ప్రశ్నలు వచ్చేది వాటి మీదే. బెల్లం గడ్డలుగా వేస్తే అడుక్కి చేరి కరగదు, విడిగా నీళ్లలో కరిగించి పోయాలి. పిండి నేరుగా చల్లితే ఉండలు కడుతుంది, చిన్న గిన్నెలో జారుగా కలిపి పోయాలి. మూత బిగించకూడదు, పులిసేటప్పుడు గ్యాసు వస్తుంది, గోనెసంచి కప్పాలి. ఎండలో పెట్టకూడదు. క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లు వద్దు, బావి నీళ్లో బోరు నీళ్లో కావాలి. పొద్దున, సాయంత్రం కర్రతో సవ్య దిశలో తిప్పాలి. పిచికారీకైతే బట్టలో వడగట్టాలి, లేకపోతే నాజిల్ మూసుకుపోతుంది.

తప్పు, ఒప్పు పక్కపక్కన చూపేటప్పుడు తప్పు షాట్ ముందు, ఒప్పు షాట్ తర్వాత ఉండాలి, ఒప్పు షాట్ రెండింతలు నిడివి ఉండాలి. చివర చూసిందే గుర్తుండిపోతుంది. తప్పు చేసినట్టు నటించే పని రైతు అక్కకి ఇవ్వొద్దు, ఊళ్లో ఆమెని అంటారు. వాలంటీర్ చేతులు మాత్రమే చూపండి.

#16 · చేనుగట్టు

అన్నీ రాసుకున్నాను. ముందు అనుమతి పత్రం తయారుచేస్తాం, రెండు రోజుల ముందు డ్రమ్ము కలిపిస్తాం, డ్రోన్ తీసేశాం. ఒక్క సందేహం మిగిలింది: ఒకే పెన్‌డ్రైవ్‌తో పది ఊళ్లు తిప్పుతాం, కొన్ని ప్రొజెక్టర్లలో ఫైలే కనపడటం లేదు.

#17 · ఎడిట్‌టేబుల్

పెన్‌డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లోనో ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లోనో ఉండి ఉంటుంది, పాత ప్రొజెక్టర్లు వాటిని చదవలేవు. ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి, 32 జీబీ లోపు డ్రైవ్ అయితే విండోస్‌లోనే అవుతుంది. ఫైల్ పేరు తెలుగులో పెట్టొద్దు, ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, ఖాళీల్లేకుండా పెట్టండి. పాత ప్రొజెక్టర్లు తెలుగు పేర్లను చూపలేవు. ఫోల్డర్ లోపల కాకుండా బయటే ఉంచండి. అదే వీడియోని 480పీలో ఇంకో ఫైల్‌గా కూడా పెట్టండి, 720పీ ఆగి ఆగి నడిచే ప్రొజెక్టర్‌లో అది ఆడుతుంది. ఊరికి బయల్దేరే ముందు అదే ప్రొజెక్టర్‌లో, అదే స్పీకర్‌తో, బ్యాటరీ మీద చివరిదాకా ఒకసారి వేసి చూడండి. కరెంటు మీద బాగా నడిచి బ్యాటరీ మీద వెలుగు సగానికి పడిపోయే ప్రొజెక్టర్లు ఉన్నాయి. రష్ మొత్తం రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో ఉంచండి. అనుమతి పత్రాల ఫోటోలు కూడా అదే ఫోల్డర్‌లో.